గేమ్ అసెట్ ఆర్టిస్టు దారి మార్చుకోవాలంటే: మొదటి అనుమానం నుంచి మొదటి ప్యాక్ దాకా

నాలుగేళ్లు నేను తుప్పు తయారు చేశాను. తుప్పు పట్టిన డ్రమ్ము, తుప్పు పట్టిన గేటు, తుప్పు పట్టిన జనరేటర్. హైదరాబాద్‌లో ఒక అవుట్‌సోర్సింగ్ స్టూడియోలో ప్రాప్ ఆర్టిస్టుగా, అంటే గేమ్‌లలో కనిపించే విడి వస్తువులు చేసేవాడిగా, పగలంతా అదే పని. రాత్రి ఇంటికొచ్చి సొంతంగా అమ్ముకునే ప్యాక్‌ల (గేమ్ చేసేవాళ్లు కొనుక్కునే వస్తువుల కట్టలు) కోసం కూర్చున్నా అదే పని. ఒకరోజు తుప్పు లేయర్ వేస్తూ వేస్తూ, ఈ డ్రమ్ము కొత్తదా, ఇంతకుముందే చేసిందా అని అనుమానం వచ్చి పాత ఫోల్డర్లు వెతుక్కున్నాను. దారి మార్చాలన్న ఆలోచన ఆ రాత్రి పుట్టింది.

పుట్టగానే చాలామంది చేసే పనే నేనూ చేశాను. నచ్చిన బొమ్మలు ఓ రెండొందలు దాచుకుని, ఇకనుంచి ఇలాంటివే చేస్తానని తీర్మానం చేసుకున్నాను. మూడు నెలలు గడిచాయి. అందమైన అసెట్లు (గేమ్‌లో పెట్టుకునే వస్తువులు) నాలుగు తయారయ్యాయి, ఒకదానికొకటి పొంతన లేదు. ప్యాక్ మాత్రం రాలేదు. ఆ తర్వాత తంటాలు పడి పట్టుకున్న క్రమమే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ నా త్రీడీ పనిలోంచి వచ్చినవే అయినా, పిక్సెల్ ఆర్ట్ చేసేవాళ్లకూ క్రమం ఇదే.

ఒక్క మాట ముందే చెప్పాలి. అసెట్లు అమ్ముకునేవాడికి దిశ అంటే ఒప్పుకున్న హద్దులే. ఎన్ని ట్రయాంగిల్స్ (త్రీడీ ఆకారాన్ని కట్టే చిన్న త్రిభుజాలు), ఎన్ని రంగులు, ఏ కొలత, ఏ లోకం. నచ్చిన బొమ్మలోంచి ఈ హద్దుల్ని బయటికి తీసి కాగితం మీద పెట్టలేకపోతే, ఆ దిశలో ముప్పై వస్తువులు చేయలేం. గేమ్ చేసేవాడికి కావలసింది ఆ ముప్పై. అద్భుతమైన కుర్చీ ఒక్కటే ఇస్తే దాన్ని ఏ గదిలో వేసుకుంటాడు?

మొదటి మెట్టు: పాత లెక్కలు తీయండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, గత రెండేళ్లలో చేసిన ప్రతి ప్యాక్‌కి, ప్రతి ఫ్రీలాన్స్ పనికి ఒక వరుస ఇవ్వండి. ఎన్ని గంటలు పట్టింది, ఎంత వచ్చింది, ఎన్ని సపోర్ట్ మెయిల్స్ వచ్చాయి, ఎవరూ అడక్కుండానే ఆదివారం తెరిచి పనిచేశారా లేదా. ఈ చివరి గడిని తేలిగ్గా తీసుకోకండి. నా షీట్‌లో డబ్బు తెచ్చిన ప్యాక్‌లు వేరు, ఆదివారం తెరిచిన ఫైళ్లు వేరు. తెరిచినవన్నీ చిన్న చిన్న కట్టడాలే: బడ్డీ కొట్టు, పంపు సెట్టు గది, రైల్వే గేటు కాపలావాడి గది. ప్రాప్‌లు ఒక్కటి కూడా లేవు. ఆ సంగతి షీట్ చూసేదాకా నాకే తెలియదు.

గంటలు రాసుకునే అలవాటు లేకపోతే ఫైళ్లు సేవ్ అయిన తేదీలు చూసి ఉజ్జాయింపుగా వేయండి. తప్పులుంటాయి, పర్వాలేదు.

రెండో మెట్టు: విసుగు ఎక్కడుందో పట్టుకోండి

"విసుగొచ్చింది" అంటే నాలుగు రకాలు. సబ్జెక్టు మీద విసుగు కావచ్చు (మళ్లీ తుపాకీయేనా). స్టైల్ మీద కావచ్చు (ఎంతసేపూ రియలిస్టిక్). పద్ధతి మీద కావచ్చు (వేల త్రిభుజాలతో హై పాలీ ఆకారం చెక్కు, దాన్నే తక్కువ త్రిభుజాలతో రీటోపో చెయ్యి, దాని పైతోలుని చదునుగా విప్పు, అదే యూవీ, చెక్కిన వివరాన్ని దానిమీదికి బొమ్మగా బేక్ చెయ్యి, పైన రంగుల బొమ్మ, అంటే టెక్స్చర్ వెయ్యి). లేదా కొనేవాళ్ల మీద కావచ్చు. నాలుగింటినీ ఒకేసారి మార్చేశామంటే ఇన్నాళ్ల అనుభవం గుండుసున్నా. ఒకటి మార్చండి, మహా అయితే రెండు.

ఎలా కనిపెట్టాలి? పాత సబ్జెక్టునే కొత్త స్టైల్‌లో ఒక పూట చేయండి, కొత్త సబ్జెక్టుని పాత స్టైల్‌లో మరో పూట చేయండి. రెండింట్లో ఏది చేస్తున్నప్పుడు టైమ్ తెలియలేదో చూడండి. నాకు డ్రమ్ము మీద కోపం ఉందనుకున్నాను. నిజానికి విసుగొచ్చింది బేకింగ్ మీద. ఒక్కో ప్రాప్‌కి పడే ఆరేడు గంటల్లో సగం, బేక్ చేస్తే వచ్చే, ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపించే నార్మల్ మ్యాప్‌లో అతుకులు సరిచేయడానికే పోయేది.

మూడో మెట్టు: కొనేవాడి కుర్చీలో కూర్చోండి

మార్కెట్ పరిశోధన అంటే చాలామంది టాప్ సెల్లర్ల జాబితా చూసి ఊరుకుంటారు. అది నిన్నటి సంగతి. ఒక చిన్న గేమ్ చేస్తున్నట్టు ఊహించుకుని, దానికి కావలసిన వస్తువుల పట్టీ రాసుకుని, కొనడానికి నిజంగా వెతకండి. అసెట్లు అమ్మే కొట్లు యూనిటీ అసెట్ స్టోర్, ఇచ్.ఐఓ, ఫ్యాబ్ మూడింట్లోనూ. ఫ్యాబ్ అంటే 2024 అక్టోబరులో అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్ (గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్) చేసే ఎపిక్ తెరిచిన కొట్టు, వాళ్ల పాత అన్‌రియల్ మార్కెట్‌ప్లేస్ అందులోనే కలిసిపోయింది. ఏ వస్తువు దొరకలేదో, దొరికినా పక్కవాటితో కలవలేదో రాసుకోండి. ఒక్క నక్షత్రం ఇచ్చిన రివ్యూలు చదవండి. "స్కేల్ తప్పు", "తలుపు తెరుచుకోదు", "లోపలి గది లేదు" అన్న ఫిర్యాదుల్లోంచే నాకు సగం ఐడియాలు దొరికాయి. కొద్ది రోజుల్లోనే గేమ్ చేసి చూపించే గ్లోబల్ గేమ్ జామ్, లుడం డేర్ లాంటి జామ్‌లలో వచ్చిన గేమ్‌లు ఓ ఇరవై ఆడి చూడండి, ఎవరు ఎక్కడ అసెట్ దొరక్క క్యూబ్ పెట్టి వదిలేశారో తెలుస్తుంది.

ఉచితంగా దొరికేవాటితో పోటీ పెట్టుకోవడం అనవసరం. 2019 నవంబరులో ఎపిక్ సంస్థ క్విక్సెల్ కంపెనీని కొని, దాని మెగాస్కాన్స్ లైబ్రరీని 2024 చివరిదాకా అన్‌రియల్ వాడేవాళ్లకు ఉచితంగా ఇచ్చింది. స్కాన్ చేసిన రాళ్లు, నేలలు, ఆకులు వేల సంఖ్యలో. రియలిస్టిక్ రాళ్లు అమ్ముకుందామనుకునే ఒంటరి ఆర్టిస్టు 2019 నుంచి కొండను ఢీకొంటున్నట్టే. లో-పాలీ (తక్కువ త్రిభుజాల సాదా ఆకారాలు) వైపు వెళ్దామంటే అక్కడ నెదర్లాండ్స్‌కి చెందిన కెన్నీ ఉన్నాడు, క్వాటర్నియస్ ఉన్నాడు. ఇద్దరూ వేల అసెట్లను ఎవరైనా దేనికైనా వాడుకోగల సీసీ0 లైసెన్సు కింద ఊరికే ఇచ్చేస్తున్నారు. డబ్బు పెట్టి కొనేవాళ్లకు న్యూజిలాండ్‌లోని సింటీ స్టూడియోస్ ఉండనే ఉంది. వాళ్ల పాలిగాన్ ప్యాక్‌లు ఒకదాని పక్కన ఒకటి పెట్టినా కలిసిపోతాయి, ఎందుకంటే చిన్న చిన్న రంగు గళ్లున్న టెక్స్చర్ మీదే మొత్తం నడుస్తుంది. ఇంతమంది ఉన్నచోట ఇంకో మామూలు లో-పాలీ అడవి ఎవరికి కావాలి?

ఏఐ సంగతీ ఇక్కడే తేల్చుకుందాం. గేమ్‌లో ఏఐతో చేసినవి ఉంటే చెప్పాలని గేమ్‌లు అమ్మే స్టీమ్ 2024 జనవరిలో రూల్ పెట్టింది. అసెట్లు అమ్మేవాళ్లు ఆ వివరం ప్రకటించాలని ఇచ్.ఐఓ అదే ఏడాది నవంబరులో అడిగింది. నా లెక్క ఏమిటంటే, ఒంటరి ప్రాప్‌కి గడ్డుకాలం మొదలైంది. గోడకు గోడ అతుక్కుని, తలుపు సరిగ్గా ఆ సందులో కూర్చుని, కొలతలన్నీ కలిసే కిట్ చేయాలంటే మాత్రం ఇప్పటికీ ఓపికున్న మనిషి కావాలి. అందుకే దిశ ఎంచుకునేటప్పుడు కిట్‌గా మారే దిశ వైపే మొగ్గుతాను.

నాలుగో మెట్టు: మూడు దారులు, ఒక్కోదాంట్లో మూడు వస్తువులు

అసలు పని ఇక్కడుంది. మూడు దిశలు అనుకోండి, ఒక్కోదానికి ఒక వారం ఇవ్వండి. ప్రతి దిశలోనూ మూడే వస్తువులు: చేతిలో పట్టే ప్రాప్ ఒకటి, తలుపున్న గోడ ఒకటి, చెట్టు ఒకటి. ప్రాప్ ఏ స్టైల్‌లోనైనా అందంగానే వస్తుంది, దాన్ని నమ్మకండి. గోడ చేస్తే ఆ స్టైల్ కిట్‌గా పనికొస్తుందో లేదో తెలుస్తుంది. ఇక చెట్టు దగ్గర స్టైల్స్ చాలావరకు చేతులెత్తేస్తాయి. సరళరేఖలు లేని, ఆకులు చిల్లులు చిల్లులుగా ఉన్న వస్తువుని మీ హద్దుల్లో చెప్పగలిగితే మిగతావన్నీ చెప్పగలరు.

నా మూడు దారులు ఇవి. మొదటిది చేత్తో రంగులు వేసే ఫాంటసీ స్టైల్, నేను మనసుపడ్డది. ప్రాప్‌గా చేసిన ఇత్తడి చెంబు చూసి ఇంట్లోవాళ్లు కూడా మెచ్చుకున్నారు. గోడకి 11 గంటలు పట్టింది. ఇరవై గోడలంటే 220 గంటలు. చెంబుని డెస్క్‌టాప్ వాల్‌పేపర్‌గా పెట్టుకుని ఆ దారి వదిలేశాను.

రెండోది కొండపల్లి బొమ్మల పోలిక. ఆ బొమ్మలు చూస్తే మాడ్యులర్ కిట్లే, అంటే విడి ముక్కలు కలిపి కట్టేవే అనిపిస్తాయి. తెల్ల పొణికి చెక్కతో ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, చదునైన రంగులు వేస్తారు. వివరం తక్కువ, ఆకారం స్పష్టం. చెట్టు ఇట్టే వచ్చేసింది, కొండపల్లి చెట్టు ఎలా ఉంటుందో మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు కదా. కానీ థంబ్‌నెయిల్ సైజుకు కుదిస్తే నా పని మిగతా వంద లో-పాలీ ప్యాక్‌లలో కలిసిపోయింది. ఆ పోలిక మన కంటికి తప్ప కొనేవాడి కంటికి అందలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది: కొండపల్లి బొమ్మలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. స్ఫూర్తి పొందడం వేరు, ఆ పేరు తీసి మన ప్యాక్ మీద వేసుకోవడం వేరు. ఈ వైపు వెళ్లేవాళ్లు పేరు జోలికి పోవద్దు. ఏ కళాకారుడి బొమ్మనీ ఉన్నదున్నట్టు దింపనూ వద్దు.

మూడోది మొదటి ప్లేస్టేషన్ నాటి గరుకు స్టైల్. 1994 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన ఆ మెషీన్‌లో గేమ్‌లు ఎక్కువగా 320×240 రిజల్యూషన్‌లో నడిచేవి. శీర్షాలు, అంటే త్రిభుజాల మూలలు, పూర్ణాంకాల స్థానాలకే అతుక్కునేవి కాబట్టి మోడల్స్ వణికేవి. టెక్స్చర్లను దూరాన్ని బట్టి సరిచేసే పెర్‌స్పెక్టివ్ సవరణ లేక నేల గళ్లు వంకర్లు తిరిగేవి. అప్పటి లోపాలనే ఇప్పుడు ఇండీ హారర్ గేమ్‌లు కావాలని తెచ్చుకుంటున్నాయి. ఇందులో బేకింగ్ లేదు, నార్మల్ మ్యాప్ అసలే లేదు. గోడ రెండు గంటల్లో అయిపోయింది. చింతచెట్టు తిప్పలు పెట్టింది కానీ, ఆరు అడ్డ పలకల మీద కొమ్మల టెక్స్చర్ వేసి, చీకట్లో పెట్టి చూస్తే నిజంగానే భయమేసింది.

నాకు కనిపించినంతలో ఈ స్టైల్‌లో అమ్ముడయ్యే ప్యాక్‌లు ఎక్కువగా అమెరికా శివారు ఇళ్లు, జపాన్ స్కూళ్లు, ఆసుపత్రి వరండాలు. దిగుడు బావి లేదు, మూతబడ్డ సినిమా హాలు లేదు, రాత్రి కరెంటు పోయిన పెంకుటిళ్ల వీధి లేదు. నా ఆదివారం ఫైళ్లన్నీ అలాంటి మన ఊరి కట్టడాలే కదా. దిశ అక్కడ కుదిరింది: స్టైల్ మార్చాను, దాంతోపాటే బేకింగ్ పోయింది, సబ్జెక్టు మార్చాను, మోడలింగ్ చేతినేర్పు మాత్రం పాతదే.

మూడింట్లో ఎక్కువ నచ్చిందాన్ని కాకుండా మూడోదాన్ని ఎందుకు ఎంచుకున్నానంటే, అందులో పదో గోడ ఎలా ఉంటుందో నాకు అప్పటికే కళ్లకు కడుతోంది. మీరూ ఇదే ప్రశ్న వేసుకోండి.

ఐదో మెట్టు: హద్దుల కాగితం

దిశ ఖాయమయ్యాక ఒక్క పేజీలో రూల్స్ రాయండి. నా కాగితంలో కొన్ని, కారణాలతో సహా:

మీటరుకు 64 పిక్సెళ్లు. అంటే 256×256 టెక్స్చర్ ఒక 4 మీటర్ల గోడకు సరిపోతుంది. పాత రియలిస్టిక్ పనిలో మీటరుకు 512 వాడేవాణ్ని, అదే గోడకు 2048 టెక్స్చర్. పిక్సెళ్ల లెక్కన 64 రెట్లు తేడా. ఈ అంకె ఒక్కటి అన్ని వస్తువుల్లోనూ తప్పకపోతే, ప్యాక్‌కి సగం ఏకరూపత దానంతటదే వస్తుంది. నా మొదటి ప్రయత్నంలో గోడ మసకగా, దాని ముందున్న లాంతరు నిగనిగలాడుతూ ఉండటానికి కారణం ఈ రూల్ లేకపోవడమే.

చిన్న ప్రాప్ 300 ట్రయాంగిల్స్ దాటకూడదు. ఒక్కో టెక్స్చర్‌లో 32 రంగులు. ఫిల్టరింగ్ నియరెస్ట్, అంటే పిక్సెళ్లు మసకబారకుండా గళ్లుగానే కనిపించాలి. నీడలు శీర్షాలకిచ్చే రంగుల్లోనే వేయాలి.

నేల, పెద్ద గోడలు మీటరు గళ్లుగా కోసి ఉండాలి. కొనేవాడు ఆ పాత వంకర్లు తెప్పించే షేడర్ (వస్తువు ఎలా కనిపించాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్) వేస్తే పెద్ద పలక మీద టెక్స్చర్ మరీ ఘోరంగా సాగుతుంది, చిన్న గళ్లయితే చూడబుద్ధేస్తుంది. అప్పట్లో వాళ్లూ ఈ ఉపాయమే వాడారు.

పెంకుటింటి కప్పు దగ్గర చాలా తడబడ్డాను. పెంకులన్నీ జామెట్రీలో చేస్తే బడ్జెట్ ఎగిరిపోతుంది, అన్నీ టెక్స్చర్‌లో వేస్తే చూరు కత్తితో కోసినట్టు ఉంటుంది. చివరికి చూరు అంచున ఒక్క వరుసను మాత్రం వంపులతో చేసి, మిగతాదంతా టెక్స్చర్‌కి వదిలేశాను. కంటికి అది చాలు. ఇలాంటి తీర్మానాలు కాగితం మీద రాసుకోకపోతే రెండు నెలల తర్వాత అదే కప్పు వేరేలా చేస్తారు, నాది హామీ.

పివట్ (వస్తువుని పట్టి నిలబెట్టే బిందువు) ఎక్కడ, పేర్లు ఎలా, గ్రిడ్ (ముక్కలు అతుక్కునే గళ్లు) ఎంత అన్నవీ రాయండి. నాది 2 మీటర్ల గ్రిడ్, గోడ పివట్ కింది ఎడమ మూల. యూనిటీ, గోడో (Godot) అనే గేమ్ ఇంజిన్లలో ఒక యూనిట్ అంటే మీటరు, అన్‌రియల్‌లో సెంటీమీటరు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఈ ఒక్క తేడా వల్ల చీమంత ఇల్లు వస్తుంది. ఫైలు రకాల్లో ఎఫ్‌బీఎక్స్‌తో పాటు జీఎల్‌టీఎఫ్ కూడా ఇవ్వండి. 2023 సెప్టెంబరులో యూనిటీ రన్‌టైమ్ ఫీజు (గేమ్ ఇన్‌స్టాల్ అయినకొద్దీ రుసుము) ప్రకటించినప్పుడు చాలామంది గోడో వైపు చూశారు. ఏడాది తర్వాత ఆ ఫీజు రద్దయింది కానీ, ఒకే ఇంజిన్‌ని నమ్ముకుంటే ఎలా ఉంటుందో అందరికీ తెలిసొచ్చింది.

ఆరో మెట్టు: ఎవరిచేతైనా ఆడించండి, మీరు నోరు మూసుకోండి

పన్నెండు పదిహేను వస్తువులవగానే ఇంజిన్‌లో పెట్టి, గేమ్‌లు చేసే ఒక పరిచయస్తుడికి ఇవ్వండి. రెండు గంటల్లో ఒక వీధి కట్టమనండి. వెనక కూర్చుని చూడండి, సాయం చేయకండి.

మా దగ్గర ఏం జరిగిందంటే, వీధి చక్కగా వచ్చింది, ఆటగాడు ఇంట్లోకి మాత్రం వెళ్లలేకపోయాడు. మా అమ్మమ్మగారింటి గుమ్మాన్ని గుర్తు తెచ్చుకుని, తల వంచితే తప్ప దూరలేని 1.7 మీటర్ల ద్వారబంధం పెట్టాను. యూనిటీలో ఆటగాణ్ని నడిపించే క్యారెక్టర్ కంట్రోలర్ మామూలు ఎత్తు 2 మీటర్లు. దానికి తల వంచడం రాదు. అరుగు 60 సెంటీమీటర్లు పెట్టాను, కంట్రోలర్ ఎక్కగలిగే మెట్టు మామూలుగా 30 సెంటీమీటర్లే. గుమ్మాన్ని 2.2 మీటర్లకు పెంచి, అరుగుకి రెండు మెట్లు కట్టాను. గడప మాత్రం అడ్డు రాలేదు, దాన్ని ముట్టుకోలేదు. కొలతల్లో నిజాయితీ పోయినా, ఇంటి పోలిక పోలేదు.

ఇలాంటి తప్పులు రెండో వారంలో దొరికితే ఒక సాయంత్రం పని. ఎనభై వస్తువులు అయ్యాక దొరికితే నెల.

ఏడో మెట్టు: డబ్బు లెక్క, గడువు

20 డాలర్ల ప్యాక్ అమ్ముడైతే యూనిటీ స్టోర్‌లో 30 శాతం పోను 14 డాలర్లు. ఫ్యాబ్‌లో 12 శాతం పోను 17.60. ఇచ్.ఐఓలో వాటా ఎంతివ్వాలో మీరే పెట్టుకోవచ్చు, ముందుగా ఉండేది 10 శాతం, అంటే 18, అందులోంచి పేమెంట్ ఖర్చులు పోతాయి. ఇప్పుడు మీ గంటకి ఒక ధర వేయండి. నేను 300 రూపాయలు వేశాను. 160 గంటల ప్యాక్ అంటే 48,000 రూపాయలు. డాలర్‌ని 85 రూపాయలుగా తీసుకుంటే, యూనిటీలో ఒక్కో కాపీకి 1,190. అంటే 41 కాపీలు అమ్ముడైతే కూలి గిట్టినట్టు. ఆ 41 ఎన్ని నెలల్లో రావాలో మీరే ఒక తేదీ రాయండి, ప్యాక్ విడుదలకు ముందే రాయండి. తర్వాత రాస్తే ఆశ ఆ తేదీని జరుపుకుంటూ పోతుంది. నేను రెండు ప్యాక్‌లు, ఆరు నెలలు అని రాసి గోడకు అంటించాను. అంతదాకా ఉద్యోగం వదల్లేదు. మీరూ వదలొద్దు, ఇంట్లో టెన్షన్ ఉంటే చేతిలో గీత తిన్నగా రాదు.

మొదటి ప్యాక్ చిన్నదిగా ఉండటమే మంచిది. దాంట్లో నాలుగైదు వస్తువులు ఉచితంగా వదిలితే, వాటిని ఎవరు దేనికి వాడుతున్నారో కామెంట్లలో తెలుస్తుంది.

పాత దుకాణం మాటేమిటి?

మూసేయకండి. పాత ప్యాక్ కొన్నవాళ్లు ఇంజిన్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మీ వైపు చూస్తారు, నెలకో పూట దానికి కేటాయించండి. అదే పబ్లిషర్ పేరు కింద కొత్త స్టైల్ పెట్టాలా, వేరే పేరా అని నేను వారం తర్జనభర్జన పడ్డాను. కొనేవాళ్లు ఒకే రకం వాళ్లయితే పాత పేరే మేలు. నావాళ్లు వేరు, మిలిటరీ షూటర్లు చేసేవాళ్లకు దిగుడు బావితో పనిలేదు, అందుకే వేరే పేరు పెట్టాను. పోర్ట్‌ఫోలియోలో మాత్రం పాత పని పూర్తిగా తీసేయకుండా కింద ఉంచాను, ఫ్రీలాన్స్ పనులు ఇంకా దాన్ని చూసే వస్తున్నాయి.

పెంకుటిళ్ల ప్యాక్ పెట్టిన ఆరో వారంలో ఒకతను మెయిల్ రాశాడు. వీధి బాగుంది, ఇంటి ముందు పెట్టడానికి నీళ్ల డ్రమ్ము ఒకటి చేసిస్తారా, కొంచెం తుప్పు పట్టినట్టు ఉంటే మంచిది అని. 64 పిక్సెళ్లలో నలభై నిమిషాలు పట్టింది.